మూడో గుంజ దగ్గర ఆదివారం

జూన్ 2, మంగళవారం

ఒరేయ్ చిన్నోడా,

నీ మేనకోడలి ఇంటికి చేరాను. నాలుగో అంతస్తు. కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే స్థలం, గోడ మీద పావురాలు. పొద్దున్నుంచి మూడుసార్లు లెక్కపెట్టాను, నలభై రెండు. "అమ్మా, వాటినైనా వదిలెయ్" అంటోంది అది. తుంటి ఎముక అతకడానికి రెండు నెలలు పైనే పడుతుందట. పదకొండేళ్లు బురదలో ఒంటికాలి మీద నిలబడితే విరగని ఎముక, ఆఫీసు మెట్ల మీద విరిగింది చూడు. ఊరంతా నన్ను కొంగమ్మ అన్నందుకు కొంగకి తగిలిన దిష్టి.

ఇక పని మాట. నా బదులు మడ అడవి కొలతలు నువ్వు తీయడానికి చిత్తడి నేలల ఆఫీసు ఒప్పుకుంది. దర్జీవాడు కొలత తప్పడని నేనే హామీ ఇచ్చాను. రోజూ సముద్రం వెనక్కి తగ్గి పాటు పూర్తిగా దిగినప్పుడు, కాలవ మడలో కలిసేచోట పాతిన మూడో గుంజ దగ్గరికి వెళ్లి మీటరు మూడుసార్లు ముంచి చూడు. నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో అంకె చూపిస్తుంది. ఐదు దాటితే మడ ఊపిరి పీలుస్తున్నట్టు. రెండు కిందకి పోతే ఎవరో దాని పీక నులుముతున్నట్టు. బుధవారం బుధవారం చెక్క చట్రం బురద మీద పెట్టి, లోపల పీతల రంధ్రాలు ఎన్నున్నాయో లెక్కపెట్టు.

ఒకటే సూత్రం. అంకె చూసి సంతోషపడకు, బాధపడకు. రాయి.

ఇది ఎందుకో నీకు తెలియాలి. మురుగు పంపుహౌసువాళ్లు తమ కాలవని రెట్టింపు వెడల్పు చేస్తామంటున్నారు. మడ ఎంతైనా మింగేస్తుందని వాళ్ల వాదన. ఈ రెండు నెలలూ పరీక్షగా రోజుకింత అని వదులుతారు. తట్టుకుందో లేదో మన పుస్తకం చెబుతుంది. జూలై 29న విచారణ. మడ కుళ్లిపోతే రేపు తుఫాను అలకి అడ్డం ఎవరు? మొదట మునిగేవి నీ ప్రార్థన మందిరమూ, దాని వెనకున్న నీ జనం ఇళ్లూ.

మరదలిని అడిగానని చెప్పు. ఫోను చేస్తే తీయవు కాబట్టి జవాబు రాయి.

నీ అక్క


జూన్ 15, సోమవారం

అక్కకు, మనల్ని మట్టితో చేసినవాడు నీ ఎముకని కూడా అతికించాలని కోరుతూ,

నిన్ననే రాద్దామనుకున్నాను. ఆదివారం కలం పట్టనని నీకు తెలుసుగా. ఫోను ఎందుకు తీయనంటే, ఫోనులో నువ్వు నా మాటని సగంలో కోస్తావు. ఉత్తరంలో కోయలేవు.

కొలతలు జరుగుతున్నాయి. మొదటి రోజు నడుము దాకా దిగబడ్డాను. నత్తలు ఏరుకునే ఆడవాళ్లు ఇద్దరు చెరో చెయ్యి పట్టి లాగారు. "బాకా మాస్టారూ, ఇక్కడ గట్టిగా మాట్లాడితే తేలరు, నెమ్మదిగా కాలు తీస్తే తేలతారు" అని నవ్వారు. ముప్పై ఏళ్లు వీధి మలుపుల్లో మైకు పట్టుకుని పాపం గోతిలోంచి లేవండని అరిచినవాణ్ని. గోతిలోంచి ఎలా లేవాలో ఇప్పుడు నేర్చుకున్నాను.

అంకెలు బాగున్నాయి. 6.2, 5.9, 6.0. మొన్న బుధవారం మూడో గుంజ దగ్గర రంధ్రాలు నలభై ఒకటి. ఒక చెయ్యి పెద్దగా, ఒక చెయ్యి చిన్నగా ఉన్న ఆ పీతలు నన్ను చూసి పెద్ద చెయ్యి ఊపుతాయి. నా జనం కూడా అంత ఉత్సాహంగా చెయ్యెత్తరు.

నువ్వు ప్రాణం పెట్టే ఈ మడ గురించి లేఖనంలో ఏముందో చెప్పనా? ప్రవక్తకి దర్శనంలో ఒక నది కనబడింది. అది పారినచోటల్లా నీళ్లు బాగుపడ్డాయి. బురదనేలలు మాత్రం బాగుపడలేదు, వాటిని ఉప్పుకే వదిలేశారు. దేవుడే వదిలేసిన నేలకి నువ్వు నాడి చూస్తున్నావు. కోప్పడకు, నవ్వించడానికి రాశాను.

మంచి కబురు ఒకటి. పంపుహౌసు గేటు తాళం దగ్గర పనిచేసే ఆయన మన మందిరానికి వస్తున్నాడు. ఆదివారం పొద్దున్నే, మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో, పరుగున. ముందు వరసలో కూర్చుంటాడు. డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా వస్తున్నాడని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడి దినాన్ని ఎలా పాటిస్తారయ్యా అని ఆయన అడిగితే, నేను పాటించే తీరంతా మైకులోనే సాక్ష్యంగా చెప్పాను. ఆ ప్యాంటు అంచులు మడిచి కుట్టిచ్చాను కూడా.

నీ తమ్ముడు


జూన్ 24, బుధవారం

చిన్నోడా,

నీ ఉత్తరం చదువుతూ నవ్వితే తుంటి నొప్పెట్టింది. నీ మేనకోడలు మాత్రలు మింగించింది.

నిన్న ఆఫీసువాళ్లు కాగితం పంపారు. రోజువారీ అంకెలు లేవు, సగటు ఒక్కటే. 6.1. పంపుహౌసు పెద్ద ఆఫీసరు ఆ కాగితం చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడట, పరీక్ష పాసైన కుర్రాడిలాగా.

ఈ కాలంలో నేను పదకొండేళ్లలో ఎప్పుడూ ఐదున్నర దాటి చూడలేదు. పైగా ఈసారి మురుగు వదులుతున్నారు. అదే కాగితంలో కింద పీతల లెక్క ఉంది. నలభై ఒకటి, మరుసటి బుధవారానికి ఇరవై తొమ్మిది. నీళ్లు బాగున్నాయి, పీతలు పోతున్నాయి. గాదె నిండా ధాన్యం ఉందంటావు, ఇంట్లోవాళ్లు చిక్కిపోతున్నారు. ఇదెక్కడి లెక్క?

నిజం చెప్పు. రోజూ వెళ్తున్నావా? ఎండకి భయపడి మిషను ముందు కూర్చుని అంకెలు కుట్టేస్తున్నావా? ఆ గేటాయన ఎందుకంత చనువుగా ఉన్నాడు? మందిరం పైకప్పు కారుతోందని చెప్పావు ఆమధ్య. ఎవరైనా వేయిస్తామన్నారా?

అడగక తప్పక అడుగుతున్నాను. ఆ పుస్తకం అట్ట మీద నా పేరుంది.

అక్క


జూలై 2, గురువారం

అక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మిషను తొక్కలేదు. నీ మరదలు భోజనం దగ్గర "ఎవరు పోయారు?" అని అడిగింది. తమ్ముడి మీద అక్కకున్న నమ్మకం పోయింది అన్నాను.

దొంగ తూకపురాయి సంచిలో దాచుకునేవాడి మీద దేవుడు ఎంత మండిపడ్డాడో ఈ పేటలో చంటిపిల్లలకి కూడా నేర్పించినవాణ్ని నేను. నా చొక్కాల్లో ఒక్కదానికి ఒక్క దారం పోగు తక్కువ కుట్టానని ఎవరినైనా అనమను. పైకప్పా? ఇప్పటికీ కారుతూనే ఉంది. మూల బకెట్టు పెట్టాం. టప్ టప్ అని పడుతుంటే ఆ తాళానికే పాట పాడుకుంటున్నాం.

నువ్వు నన్ను కొన్నారనుకున్నావు. అక్కా, నన్ను కొనాలంటే ముందు నేను అమ్మకానికుండాలి.

మాట కాదు, రుజువు పంపుతున్నాను. జూన్ పుస్తకం మొత్తం గడి గడికీ నా చేత్తో ఎత్తి రాశాను. వెనక ఉన్నాయి చూడు. తేదీ, పాటు వేళ, అంకె. ఖాళీ ఉన్నచోట ఖాళీయే ఉంచాను. అబద్ధం ఒక్కటి దొరికితే మైకు సముద్రంలో పారేస్తాను.

పీతల సంగతి నాకూ తెలియదు. నిన్న పదకొండే ఉన్నాయి. సోమవారాలు అక్కడ కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది, పాటు దిగేసరికి పోతోంది. ఎండ ఎక్కువైందేమో.

తమ్ముడు


జూలై 8, బుధవారం

చిన్నోడా,

కాగితాలు అందాయి. అబద్ధం ఒక్కటీ లేదు. నిన్ను అనుమానించినందుకు నా నోరు పడిపోవాలి. ముందు ఆ మాట చెప్పి మిగతాది చెబుతాను.

7, 14, 21, 28. నాలుగు గడులు ఖాళీ. నాలుగూ ఆదివారాలు.

ఆఫీసువాళ్లు ఉన్న అంకెలన్నీ కూడి, ఉన్న రోజులతో భాగించి సగటు రాశారు. ఖాళీలు ఎవరూ చూడలేదు. పంపుహౌసులో ఆరు రోజులు మురుగు నిలబెట్టుకునే తొట్లు ఉన్నాయి. అందుకే ఆరు రోజులూ మడ ఇంత శుభ్రంగా ఉంది. వారం మొత్తానిదీ ఆదివారం ఒక్కసారిగా వదిలేస్తున్నారు. రెండు పోట్లు వచ్చి పైనీళ్లు కడిగేస్తే, సోమవారం నీ మీటరుకి మిగిలేది వాసన ఒక్కటే. పీత అలా కాదు, అది అక్కడే ఉంటుంది.

నువ్వు ఆదివారం వెళ్లవని వాళ్లకి ఎవరు చెప్పారో నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. కలం పట్టనని రాస్తే నవ్వుకుని దాటేశాను. అది నా తప్పు.

ఈ ఆదివారం వెళ్లు.

అక్క


జూలై 11, శనివారం

అక్కకు,

వెళ్లను.

వారంలో ఆరు రోజులు నీ మడకి ఇచ్చాను. ఏడోది నాది కాదు, ఇవ్వడానికి. మన నాన్న పోయింది ఆదివారం, ఆయన మీద కప్పే బట్ట కోయడానికి కూడా నేను కత్తెర ముట్టలేదు. నీకు ఎప్పుడూ ఆదివారం అంటూ లేదు. నేను వాక్యం చెబుతుంటే నువ్వు కిటికీలోంచి కొంగల్ని చూసేదానివి. నా విశ్వాసం నీకు ఎప్పుడూ నవ్వులాటే. ఇప్పుడు మడ చావుకి కూడా అదే కారణం అంటున్నావు.

ఆ గేటాయన మొన్న కన్నీళ్లతో ప్రార్థించాడు. అలాంటివాణ్ని గూఢచారి అంటావా?

తమ్ముడు


జూలై 15, బుధవారం

ఒరేయ్,

కిటికీలోంచి కొంగల్ని చూసిన మాట నిజం. చెవులు మాత్రం నీ దగ్గరే ఉన్నాయి.

మూడేళ్ల కిందట, వాన పడుతున్న రోజు, వెనక వరసలో తడి గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు గొర్రె గురించి చెప్పావు. విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే పైకి తీయనివాడు మీలో ఎవడైనా ఉన్నాడా అని బల్ల గుద్ది అడిగావు. "ఉన్నాడు! తన తెల్లచొక్కా మాస్తుందని భయపడేవాడు!" అని నువ్వే జవాబు చెప్పావు. ఆ రాత్రి నా పుస్తకం చివరి పేజీలో ఆ మాట రాసుకున్నాను. పీతల లెక్కల పక్కన. ఇప్పటికీ ఉంది, తీసి చూడు.

నేను నవ్వలేదురా. ఎప్పుడూ నవ్వలేదు.

గొర్రె మూడో గుంజ దగ్గర ఉంది.

అక్క


జూలై 20, సోమవారం

అక్కకు,

నీ పుస్తకం చివరి పేజీ తీసి చూశాను. ఉంది.

నిన్న ఏం జరిగిందో వరసగా చెబుతాను. పాటు పదింటికి పట్టికలో ఉంది. ఆరాధన తొమ్మిదింటికి. వెళ్లకూడదనే నిశ్చయంతో లేచాను. మొదటి పాట అయింది, ప్రసంగానికి నిలబడ్డాను. నోరు తెరిస్తే నీ గొర్రె అరుపు తప్ప నాకేమీ వినబడలేదు. నిజంగా చెబుతున్నాను, ముప్పై ఏళ్లలో మొదటిసారి ప్రసంగం మొదలుపెట్టకుండానే మైకు ఆపేశాను.

"పుస్తకాలు మూయండి. చెప్పులు విప్పండి. పోదాం" అన్నాను.

"ఎక్కడికి బాబూ?" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

"గుంట దగ్గరికి."

"మరి ప్రసంగం?"

"అక్కడే."

నీ మరదలు నా చెయ్యి పట్టుకుంది. "ఇస్త్రీ చొక్కాతోనా?"

"బురదని చేసింది దేవుడేగా."

"ఉతికేది మాత్రం నేను" అంది. అని తనే ముందు నడిచింది.

అరవై మందిమి. నత్తలేరుకునే ఆడవాళ్లు దారి చూపించారు. మూడో గుంజ దగ్గర నీళ్లు నీళ్లలా లేవు. కాటుక కలిపినట్టున్నాయి. నా పీతలు, అక్కా, నాకు చెయ్యి ఊపే నా పీతలు, మడచెట్ల వేళ్ల మీదకి ఎక్కి వేలాడుతున్నాయి. పెద్ద చేతులు కిందకి జారిపోయి ఉన్నాయి. మీటరు ముంచాను. 0.7. తుడిచి మళ్లీ ముంచాను. 0.7. నువ్వు మూడుసార్లు చూడమన్నావు. 0.6. గడిలో రాశాను.

గట్టు మీద ఒక్కడే నిలబడ్డాడు, గేటాయన. చాలాసేపటికి నేను కుట్టిచ్చిన ప్యాంటుతోనే బురదలోకి దిగి వచ్చాడు.

"అయ్యా, తాళం నా దగ్గరే ఉంది. ఆరు రోజులు ఆపి, ఆదివారం తెల్లారుతూనే తీసేవాణ్ని. తీసి మీ దగ్గరికి వచ్చేవాణ్ని."

"నేను ఆదివారం రానని నువ్వే చెప్పావా?"

"పెద్ద ఆఫీసరు అడిగితే చెప్పానయ్యా. మీరు దాచిన మాట కాదుగా. మైకులో చెప్పారుగా."

అక్కా, వాడి మాటలో ఎగతాళి లేదు. అందుకే అంత లోతుగా దిగింది. దేవుడికి ఇచ్చాననుకున్న రోజుని నేను ఊరందరి ముందూ ఊపి చూపించాను. చూడవలసినవాడు చూశాడు.

ఇప్పుడు విచారణలో ఏం చెప్పాలి? గేటాయన పేరు చెప్పనా? చెబితే ఉద్యోగం పోతుంది. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

నీ తమ్ముడు


జూలై 24, శుక్రవారం

చిన్నోడా,

నీ ఉత్తరం నీ మేనకోడలికి చదివి వినిపించాను. అది పావురాల వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. తుమ్ము అంది.

డాక్టరు నన్ను ప్రయాణం చేయనివ్వడు. నువ్వే నిలబడాలి. నీ తప్పు నువ్వు చెప్పు. నా తప్పూ చెప్పు, రోజువారీ అంకెలు అడగకుండా నెల గడిపానని. గేటాయన తప్పు గేటాయన్ని చెప్పుకోనీ. చెప్పకపోతే అది ఆయనకీ నీ దేవుడికీ మధ్య.

ఒక హెచ్చరిక. అరవై మంది తొక్కితే అడుగు బురద లేచి అంకె పడిపోయిందని వాళ్లు అంటారు. కొంతవరకు నిజమే. నీకు చెప్పి ఉండాల్సింది, మీటరుతో ఒక్కడివే వెళ్లాలని. ఆ ఒక్క అంకె మీద ఆశలు పెట్టుకోకు. ఖాళీల గురించి మాట్లాడు.

గట్టిగా అరవకు. మైకు లేకుండా మాట్లాడితే నీ గొంతు నాన్న గొంతులా ఉంటుంది.

అక్క


జూలై 30, గురువారం

అక్కకు,

అరవలేదు.

పొడుగాటి గది, గోడకి మడ పటం, ఫ్యాను చప్పుడు. పంపుహౌసు వకీలు నువ్వన్నదే అన్నాడు. "అరవై మంది పాదాలు కెలికాక తీసిన అంకె అది. మిగతా పుస్తకం చూడండి, సగటు ఆరు పైనే. రాసింది కూడా దైవభక్తుడు" అని నా వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. ఎప్పుడూ ఎవరి దణ్ణమూ నాకు అంత బరువు అనిపించలేదు.

విచారణ జరిపే పెద్దాయన అడిగాడు. "ఆదివారాలు ఎందుకు ఖాళీ?"

"అబద్ధం ఒక్కటీ రాయలేదండి. కానీ ఆరు ఆదివారాలు నిజం ఇంటి తలుపు వేయకుండా వదిలేశాను. దొంగ ఆ తలుపులోంచే వచ్చాడు. తూకంలో రాయి మార్చినవాడూ, తూచకుండా వదిలేసినవాడూ కొనేవాడికి ఒకటేనండి. మా అక్క పదకొండేళ్లు ఒక్క గడి ఖాళీ ఉంచలేదు. ఈ పుస్తకం అట్ట మీద ఆవిడ పేరు కొట్టేసి నా పేరు రాయండి" అన్నాను.

పేరు కొట్టేయలేదు. క్షమించు, అంతకన్నా మంచి మాట నాకు తోచలేదు.

అప్పుడు తలుపు దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు. గేటాయన. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. గేటు తీసిన ప్రతిసారీ వేళ రాసుకున్నాడట, తనకోసమే. అన్నీ ఆదివారాలే. దాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద తాళంచెవి పెట్టి, వెళ్లిపోయాడు.

తీర్పు ఇది. కాలవ వెడల్పు ఏడాది పాటు ఆపారు. ఏ రోజు మురుగు ఆ రోజే, కొలిచి వదలాలి. కొలతలు ఏడు రోజులూ. గెలుపు అనను. జూలై 22న చట్రంలో రంధ్రాలు సున్నా. నిన్న విచారణ ముగిశాక వెళ్లి చూశాను, సున్నాయే.

గేటాయన ఉద్యోగం పోయింది. మా మిషను పక్కన కూర్చుని గుండీలు కుడుతున్నాడు. వంకరగా కుడుతున్నాడు, విప్పి మళ్లీ కుట్టిస్తున్నాను.

ఆ ప్రవక్త దర్శనం మళ్లీ చదివాను. బురదనేలల్ని ఉప్పుకి వదిలేశాడంటే తోసేశాడని ఇరవై ఏళ్లు బోధించాను. వెనకాముందూ చదివితే, ఆ నది ఒడ్డునే వలలు ఆరేసుకునే జాలర్లు ఉన్నారు, చేపలు ఉన్నాయి. ఉప్పు లేకపోతే ఆ చేపల్ని దాచుకునేది దేనితో? మడని ఉప్పుగా ఉండనిమ్మని దేవుడు కాపలా పెట్టాడేమో. ఆ కాపలా కొంగనే నేను కిటికీ పక్కన కూర్చోబెట్టి దెప్పాను.

నీ తమ్ముడు


ఆగస్టు 9, ఆదివారం

అక్కా,

తేదీ చూశావుగా. కలం పట్టాను.

ఇప్పుడు ఆరాధన వేళ గోడ గడియారం చూసి పెట్టడం లేదు, పాటు పట్టిక చూసి పెడుతున్నాం. పోయిన ఆదివారం పాటు పొద్దున పడింది, మధ్యాహ్నం పాడుకున్నాం. ఇవాళ పాటు మూడుంపావుకి, అందుకని పొద్దున్నే అయిపోయింది. మడలోకి నేనొక్కణ్నే దిగాను. గేటాయన గట్టు మీద చట్రం పట్టుకుని కూర్చున్నాడు. చట్రం బుధవారానిదే, అయినా పెట్టాను.

ప్రాణవాయువు 4.4. మూడుసార్లు చూశాను.

మూడో గుంజ దగ్గర రంధ్రాలు రెండు. ఒకదాని అంచున చిన్న మట్టి ఉండ ఉంది. తడిగా, అప్పుడే లోపలినుంచి తోసినట్టు. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను. చెయ్యి బయటికి రాలేదు.

సంతోషపడకూడదన్నావు. రాశాను.